నాబులా, తీగలా - ఏది కొందాం?

మన విద్యార్థి సంఘం సాంస్కృతిక నిధితో కళాశాలకు ఒక సింథసైజర్ కొనాలని తీర్మానించిన సంగతి మీకందరికీ తెలిసిందే. ఏ రకం కొనాలన్న దగ్గరే పేచీ వచ్చింది. అన్నీ ఒకే పెట్టెలో అమర్చి, పైన నాబులూ ముందు మెట్లూ ఉన్న అనలాగ్ సింథసైజర్ కావాలని కొందరు, విడివిడి భాగాలు కొనుక్కుని తీగలతో కలుపుకునే మాడ్యులర్ కావాలని మరికొందరు. మొన్నటి సమావేశంలో మాడ్యులర్ తరఫున గొంతు చించుకున్నవాణ్ణి నేనే. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకుంటూ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మాట మార్చాడని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు గాని, ఎందుకు మార్చానో చదివి నవ్వండి.

విషయం తెలియని వారి కోసం ముందుగా కొంచెం. అనలాగ్ సింథసైజర్‌లో ధ్వని కరెంటులోంచి పుడుతుంది. ఆసిలేటర్ అనే సర్క్యూట్ అలను పుట్టిస్తుంది. ఫిల్టర్ ఆ అలలో మనకు అక్కర్లేని పౌనఃపున్యాలను కోసేస్తుంది. ధ్వని ఎంత బేగి లేవాలో, ఎంత నెమ్మదిగా అణగాలో ఎన్వలప్ చెబుతుంది. ఆ ప్రకారం ఆంప్లిఫయర్ పెంచుతుంది, తగ్గిస్తుంది. వీటన్నిటినీ నడిపేది వోల్టేజి. చాలా యంత్రాల్లో ఒక వోల్టు పెరిగితే ధ్వని ఒక స్థాయి పైకి, అంటే మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి వెళుతుంది. ఆ వోల్టును 12 భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక స్వరస్థానం; సుమారు 83 మిల్లీవోల్టులు. మధ్యలో ఎక్కడైనా ఆగవచ్చు, జారవచ్చు కనుక గమకానికీ చోటుంది. ఫిజిక్సు చదివేవాడికి ఇంతకన్న రుచికరమైన పాఠం ఏముంటుంది?

అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో మొదలుపెట్టింది మాడ్యులర్‌తోనే. ఏ భాగాన్ని దేనికి కలపాలో వాయించేవాడి ఇష్టం. జనం ఎక్కువగా వాడే కలయికను లోపలే స్థిరంగా బిగించి, చంకన పెట్టుకుని మోసుకుపోయేటట్టు 1970లో మినీమూగ్ తెచ్చారు. అంటే ఈ రెండూ శత్రువులు కావు, తల్లీబిడ్డలు. "స్వేచ్ఛ ఎక్కడుంది? తల్లి దగ్గరే గదా!" అన్నాను నేను సమావేశంలో. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు. కాని స్వేచ్ఛ ఒక్కటే చాలదని తెలిసింది.

తెలియజెప్పింది మా నాన్న. చోడవరం దగ్గర మా ఊరు. చెరుకూ వరీ మా బతుకు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఫోనులో మాడ్యులర్ బొమ్మ చూపించాను. "ఏట్రా ఇది, టెలిఫోను ఆఫీసులాగుంది!" అన్నాడు. ఏ భాగం ఏం చేస్తుందో, ఏది విడిగా కొనుక్కోవాలో వివరించాను. అంతా విని, "అయితే మన ట్రాక్టరు లాంటిదేనన్నమాట," అన్నాడు.

"ఇంజనొక్కటీ కొంటే సరిపోద్దనుకున్నాన్రా. కల్టివేటరు కావాలన్నారు. రోటవేటరు కావాలన్నారు. తొట్టి కావాలన్నారు. ఏదీ తప్పు కాదు, అన్నీ పనికొచ్చేవే. ఆ అప్పు తీరేసరికి మీ చెల్లి టెన్తు అయిపోనాది."

తరవాత అడిగాడు: "ఇంతకీ డబ్బెవుడిది?"

"పిల్లలందరిదీ నాన్నా. ఫీజుతో పాటు కట్టింది."

"మరైతే అందరూ దున్నగలిగింది కొనండి."

నాకు జవాబు దొరకలేదు. నిజమే గదా! మాడ్యులర్‌కి ముందు పెట్టె కావాలి, దానికి పవర్ సప్లయి కావాలి, ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్, ఆంప్లిఫయర్ కావాలి, వాయించడానికి మెట్లు కావాలి, తీగల కట్ట కావాలి. మన నిధి మధ్యలో అయిపోతే? సగం కొన్న మాడ్యులర్ కుయ్యిమనదు. మిగతా సగం వచ్చే ఏడు సంఘం కొంటుందని ఎవరైనా పూచీ ఉండగలరా?

సమావేశంలో నేను గొప్పగా చెప్పిన ఉదాహరణ ఒకటుంది. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ మాడ్యులర్ పెట్టారు. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నెలకొల్పాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్ వంటి వారు దాని మీద పనిచేశారు. ఆ టేపులు ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయి, 2017లో పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడి కంట పడ్డాయి. 2023లో రికార్డుగా వెలువడ్డాయి. మన దేశానికే గర్వకారణం, సందేహం లేదు. కాని నేను ఆనాడు చెప్పనిది ఒకటుంది. వారికి స్టూడియో ఉంది, నేర్పడానికి మనిషి వచ్చాడు, యంత్రం ముందు కూర్చునే తీరిక ఉంది. మనకున్నది ప్రాక్టికల్సు అయ్యాక భీమిలి బస్సు వచ్చేలోగా ఒక అరగంట! ఆ అరగంటలో తీగలు వెతుక్కుని కలుపుకునేసరికి బస్సు వెళ్ళిపోతుంది. మర్నాడు ఇంకో జట్టు వచ్చి, ఆ తీగలన్నీ పీకి మళ్ళీ మొదలుపెడుతుంది.

బిగించిన పెట్టెలో మన సంగీతం పలకదని కొందరి భయం. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ వారి జూపిటర్ 8, టి.బి. 303, టి.ఆర్. 808 అనే మూడు తయారు పెట్టెలతోనే పది రాగాలు రికార్డు చేశాడు. ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు; 2010లో తిరిగి విడుదలైతే ప్రపంచం నివ్వెరపోయింది. అంతదూరం ఎందుకు? మన బొబ్బిలి పక్క గొల్లపల్లిలో ఒకే పనసమానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. దాని కుండ మార్చుకుందామంటే కుదరదు, దండి మార్చుకుందామంటే కుదరదు. అయినా ఒక మనిషి జీవితమంతా వాయించినా దానిలో సంగీతం తరగదు. విప్పి మార్చడానికి వీలు లేనంత మాత్రాన వాద్యం బీదది కాదు సుమండీ!

ఇంకొకటి, మన రుషికొండ గాలి. హాస్టలు కిటికీ గడియలు చూడండి, సైకిలు చెయిన్లు చూడండి. ఉప్పు గాలికి తుప్పు పట్టని ఇనుము మన దగ్గర ఏదైనా ఉందా? పదుల కొద్దీ సాకెట్లు నోళ్ళు తెరుచుకు కూర్చునే యంత్రం సముద్రం ఒడ్డున ఎన్నాళ్ళు సరిగ్గా పలుకుతుంది? నాబుల పెట్టెకీ ఈ బాధ ఉన్నదే. కాని గుడ్డ కప్పి కాపాడుకోవడం తేలిక.

ఎలక్ట్రానిక్సు మిత్రులు అడుగుతారు: "మూసిన పెట్టెలో మేం నేర్చుకునేదేముంది?" న్యాయమైన ప్రశ్నే. వారికి రెండు దారులున్నాయి. ఒకటి, వి.సి.వి. ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2017 నుంచి దొరుకుతోంది. కంప్యూటరు తెర మీదే మాడ్యూళ్ళు పెట్టుకుని తీగలు కలుపుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. నేను నేర్చుకున్నదంతా అందులోనే. ఐతే చేత్తో నాబు తిప్పుతూ ఉంటే చెవిలో ధ్వని మారే ఆ అనుభవం మౌసుతో రాదు. అందుకే డబ్బు పెట్టి కొనవలసింది చేతికందే వాద్యాన్ని అంటున్నాను. రెండోది, మాడ్యూళ్ళు మనమే కడదాం. 40106 అనే చిన్న చిప్పుకు ఆరు రెసిస్టర్లు, ఆరు కెపాసిటర్లు తగిలిస్తే ఆరు ఆసిలేటర్లు పలుకుతాయి. మనలో ఉక్కు కర్మాగారం ఫిట్టర్ల పిల్లలున్నారు. సోల్డరింగు ఐరన్ పట్టుకోవడం వాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. ఏడాదికొకటి కట్టినా, మనం వెళ్ళిపోయాక వచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మన చేతి మాడ్యులర్ ఒకటి మిగులుతుంది.

కాబట్టి నా సూచన ఇది. నాబులున్న అనలాగ్ సింథసైజరే కొందాం. కాకపోతే లోపలి కలయిక సిద్ధంగా ఉంటూనే, కావాలంటే బయటి తీగలు కూడా తగిలించుకునే రకం చూద్దాం. 1971 నాటి ఎ.ఆర్.పి. 2600 నుంచీ ఈ మధ్యేమార్గం ఉన్నదే. మనం కట్టేవి దానికే కలుస్తాయి.

ఆఖరుగా ఒక్క మాట. ఏది కొన్నా బీరువాలో పెట్టి తాళం వేసి, వార్షికోత్సవం నాడు పూలదండ వేసి బయటకు తెచ్చేటట్లయితే అసలు కొననే వద్దు. ఒక రిజిస్టరు పెట్టండి. రోజూ సాయంత్రం గంటసేపు గది తెరవండి. మొదటి సంవత్సరం వెనక బెంచీ కుర్రాడు పేరు రాసి, కూర్చుని, మెట్టు నొక్కితే ధ్వని రావాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తే ముందు అధ్యాపకులూ, పూర్వ విద్యార్థులూ, మీరూ ఈ సంగతి ఆలోచించ ప్రార్థన.

- బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి