నవదంపతుల స్మృతులు: పంచదగినవి, దాచదగినవి

వివాహం షోడశ సంస్కారాలలో ఒకటి. సంస్కారం అంతఃకరణంపై ముద్ర వేస్తుంది. ఆ ముద్రను చెరగనీయకుండా కాపాడేది స్మృతి. కనుక నవదంపతులు పెళ్ళినాటి ముచ్చట్లను నెమరువేసుకోవడం, ఆపై కలిసి చేసిన యాత్రను తలచుకోవడం కేవలం కాలక్షేపం కాదు. అది దాంపత్యానికి పోషణం.

అయితే నేడు ఆ స్మృతుల స్వరూపం మారింది. ప్రీ వెడ్డింగ్ షూట్‌తో మొదలై జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, అటుపై ఊటీయో, బాలియో, మాల్దీవులో, ప్రతి ఘట్టమూ చిత్రితమై ఆ పూటకే వందలాది ఫోన్లలో ప్రత్యక్షమవుతున్నది. ఆనందాన్ని పదుగురితో పంచుకోవడం దోషం కాదు. కాని స్మృతులలో పంచదగినవి కొన్ని, దాచదగినవి కొన్ని ఉన్నాయి. ఆ రెండింటి భేదం మరచినప్పుడే హాని కలుగుతుంది.

వివాహం స్వభావతః బహిరంగ కర్మ. అగ్ని సాక్షిగా, దేవతల సాక్షిగా, బంధుజన సమక్షంలో జరిగేది కనుకనే దానికి ప్రామాణ్యం. అట్టి స్మృతిని చెప్పుకోవడానికి సంకోచం అక్కరలేదు. శ్రీమద్రామాయణం అయోధ్యాకాండ చివర అనసూయాదేవి సీతమ్మను చేరదీసి, ఆమె స్వయంవర వృత్తాంతాన్ని వివరంగా వినగోరుతుంది. వివాహమై ఏండ్లు గడచినా, అరణ్యంలో ఉండి కూడా, జానకి ఆ కథను ప్రీతితో వినిపిస్తుంది. ఆమె చెప్పినదేమిటి? నాగేటిచాలులో తాను లభించడం, కుమార్తెకు తగిన వరుడు దొరకక జనకుడు పడిన చింత, శివధనుర్భంగం, తండ్రి అభిప్రాయం తెలియకుండా కన్యను స్వీకరించడానికి శ్రీరాముడు అంగీకరించకపోవడం. భూషణాల వర్ణన లేదు, విందు వైభవం లేదు. తల్లిదండ్రుల వేదన, వరుని ధర్మనిష్ఠ, ఇవే ఆమె మనస్సులో నిలిచినవి. పెళ్ళి ముచ్చట్లు చెప్పుకునే పద్ధతికి ఇంతకంటె ఆదర్శం అక్కరలేదు.

యాత్ర సంగతి వేరు. పెళ్ళి తరువాతి ప్రయాణం మన సంప్రదాయానికి కొత్త కాదు. ఋగ్వేదం పదవ మండలంలోని వివాహసూక్తంలో సూర్య పతిగృహానికి ప్రయాణమవుతుంది. ఆమె ఎక్కిన బండి మనస్సేనని ఋషి దర్శనం. తెలుగునాట అనేకులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం వధువు రథప్రయాణానికి ప్రత్యేక విధి చెప్పింది. వివాహాగ్ని వెంట రావాలి. చతుష్పథాల వద్ద, నదులు దాటేటప్పుడు మంత్రజపం చేయాలి. ఇల్లు చేరిన పిమ్మట నక్షత్రోదయం వరకు దంపతులు మౌనంగా కూర్చోవాలి. చుక్కలు పొడిచాక వరుడు వధువుకు ధ్రువుని, అరుంధతిని చూపాలి. ఆపై మూడు రాత్రులు భూశయనం, బ్రహ్మచర్యం, క్షారలవణ వర్జనం. ఐదురోజుల పెళ్ళి ఒక్కపూటకు కుదించుకుపోయిన ఈ కాలంలో ఇవన్నీ యథాతథంగా పాటించడం దుష్కరమే. కాని ఆ విధి వెనుక ఉన్న భావం నేటికీ గ్రాహ్యం. జనసందోహం నుండి వెలికి వచ్చిన ఇద్దరికి కొంత మౌనం కావాలి, కొంత ఏకాంతం కావాలి.

ఆ ఏకాంతం ఏమి ప్రసాదిస్తుందో చిత్రకూటం చెబుతుంది. ఆ పర్వత శోభను, మందాకినీ నదిని సీతకు చూపుతూ శ్రీరాముడు రాజ్యభ్రంశం తన మనస్సును బాధించడం లేదంటాడు. నాటి చిన్న చిన్న సంఘటనలు ఆ ఇద్దరి మధ్యనే నిలిచిపోయాయి. కాలాంతరంలో అశోకవనంలో హనుమంతుడు తన దర్శనానికి గుర్తుగా ఏదైనా అనుగ్రహించమని కోరినప్పుడు సీతమ్మ మొదట చెప్పినది చిత్రకూటంలో జరిగిన కాకాసుర వృత్తాంతం. నుదుటి తిలకం చెరిగిపోతే రాముడు మణిశిలతో తన చెక్కిలి ప్రక్కన తిలకం దిద్దిన సంగతినీ గుర్తు చేయమంటుంది. చూడామణి ఇవ్వనే ఇచ్చింది. కాని మణి అపహరించదగినది. ఇద్దరికే తెలిసిన స్మృతిని ఎవరూ అపహరించలేరు. అందుకే అది అభిజ్ఞానమైంది. చిత్రకూట ముచ్చట్లు అయోధ్య అంతటికీ తెలిసి ఉంటే అశోకవనంలో అవి గుర్తుగా పనికివచ్చేవా?

హనీమూన్ విశేషాలన్నిటినీ ప్రదర్శనకు పెట్టే దంపతులు కోల్పోతున్నది ఈ అభిజ్ఞానమే. ప్రతి సంసారంలోనూ ఒకనాడు ఏదో ఒక అశోకవనం ఎదురవుతుంది. వియోగం, వ్యాధి, ఋణం, మాట పట్టింపు, ఏదో ఒకటి వచ్చి ఇద్దరి నడుమ సముద్రమై నిలుస్తుంది. ఆనాడు "మనకు మాత్రమే తెలిసినది" అని తలచుకోవడానికి ఒక్కటైనా మిగిలి ఉండాలి. లోకమంతా చూసి మెచ్చిన చిత్రం ఆ పని చేయలేదు.

విదేశాలలో ఉన్న పిల్లలు చిత్రాలు పంపకపోతే ఊరిలోని తాతమ్మలు వారిని చూసేదెట్లా అన్న ప్రశ్న న్యాయమైనదే. తాతమ్మకు పంపడం ఆశీర్వచనం కోరడం. అపరిచితుల ప్రశంసకు పెట్టడం వేరు. పైగా పతంజలి మతంలో అనుభూతమైన విషయం చిత్తం నుండి జారిపోకుండుటయే స్మృతి. అనుభవం ముందు, స్మృతి తరువాత. సూర్యాస్తమయాన్ని కన్నులతో చూడక, చిత్రం సరిగా వచ్చిందా లేదా అని చూసుకునేవారికి మొదటిదే లోపిస్తున్నది. ఫోన్లకు ప్రవేశం లేని తిరుమల ఆనందనిలయంలో, గర్భాలయం ఎదుట క్షణకాలం నిలిచిన కొత్త దంపతులు ఆ దర్శనాన్ని జీవితాంతం మరువరు. చిత్రం లేదు కనుకనే చూపు పూర్ణమైంది.

వైరాగ్యం పేరిట నవదంపతుల ఉల్లాసాన్ని ఆక్షేపించడం శాస్త్రసమ్మతం కాదు. "నాతిచరామి" అన్న ప్రతిజ్ఞలో ధర్మార్థాలతో పాటు కామానికీ స్థానమున్నది. అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేసుకుని అటునుండి అరకు లోయకు వెళ్ళినా, ఏ ద్వీపాంతరానికి వెళ్ళినా తప్పు లేదు. అప్పు చేసి ఇతరులతో పోటీకి పోవడం తగదు. ప్రయాణంలో ఒక పూటైనా ఫోన్ పక్కన పెట్టి, ఏడడుగులకు అర్థమేమిటో ఇద్దరూ కలిసి మాట్లాడుకోగలిగితే ఆ యాత్ర వివాహానికి ఉత్తరాంగమవుతుంది.

వేదాంతంలో స్థూలారుంధతీ న్యాయమని ఒకటి ఉన్నది. సూక్ష్మమైన అరుంధతి ఒక్కసారిగా కంటికి ఆనదు. అందుచేత సమీపంలోని పెద్ద చుక్కను ముందు చూపి, దృష్టి నిలిచాక అరుంధతిని చూపుతారు. పెళ్ళి ఆల్బమ్ ఆ పెద్ద చుక్క వంటిది. దానిని త్రోసివేయనక్కరలేదు. అక్కడే ఆగిపోకుండా, దాని ప్రక్కన సూక్ష్మంగా వెలిగే ప్రతిజ్ఞను చూడగలగడమే అరుంధతీ దర్శనం.

స్వస్తి.