ఫోన్ ఒకరిది, గరిటె ఒకరిది

కడుపుబ్బరానికి మన పల్లెల్లో మొదటి వైద్యం వాము, రెండోది మందుల షాపులో గ్యాస్ మాత్ర. ఇప్పుడు మూడోది దిగింది, సెల్‌ఫోన్ యాప్. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బంధువులబ్బాయి పండక్కి దొనకొండ వచ్చాడు. వంటింటి గడపలో నిలబడి సరుకుల పేర్లు ఒక్కొక్కటే కొట్టి చూస్తున్నాడు. ఎర్రగడ్డ: ఎరుపు. తెల్లగడ్డ: ఎరుపు. గోధుమపిండి: ఎరుపు. "ఇంకేం వండమంటావు నాయనా, గడ్డి కోసుకురానా?" అంది వాళ్లమ్మ.

యాప్ ఆషామాషీది కాదు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం 2012లో తెచ్చింది. అక్కడి పీటర్ గిబ్సన్, సూసన్ షెపర్డ్ 2005లో ఫాడ్‌మ్యాప్ అని పేరుపెట్టిన కొన్ని రకాల చక్కెరలు చిన్నపేగులో సరిగా ఇంకవు. పెద్దపేగుకు చేరి పులిసి గ్యాస్ పుట్టిస్తాయి, కొన్ని పేగులోకి నీళ్లు లాగుతాయి. ఇది అందరికీ జరిగేదే. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగు సమస్య ఉన్నవాళ్లకు మాత్రం ఆ ఉబ్బరమే నొప్పవుతుంది. ఏది ఎన్ని గ్రాముల దాకా పచ్చ, ఎక్కడ పసుపు, ఎక్కడ ఎరుపు అన్నది ల్యాబులో కొలిచి చెప్పడమే యాప్ చేసే మేలు.

చిక్కల్లా ఫోన్ కొడుకు చేతిలో, గరిటె తల్లి చేతిలో ఉండటం. ఆమెకు గ్రాములు కాదు, ఏం మార్చాలో చెప్పాలి. ఆ మార్పులు మన వంటలోనే ఉన్నాయి. చపాతీ బదులు జొన్నరొట్టె, కొర్రన్నం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేని కార్తీకమాసపు వంట ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. తెల్లగడ్డ వాసన కావాలంటే రెబ్బల్ని నూనెలో వేయించి తీసేస్తే చాలు. వాటిలోని ఫ్రక్టాన్లు అనే ఫాడ్‌మ్యాప్‌లు నీళ్లలో కరుగుతాయిగానీ నూనెలో కరగవు. కాబట్టి పులుసులో వేసి ఏరేస్తే లాభం లేదు. ఇంగువ మంచిదే, కానీ డబ్బా తిప్పి చూడండి: చాలావాటిలో మైదా కలుపుతారు. పప్పును నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే కొంత నయం. కంది పండే నేల మీద పప్పే తినొద్దంటే ఎవరు వింటారు? గరిటెడు తగ్గించమంటే వింటారు.

నాకు అసలు అభ్యంతరం ఇంకోచోట ఉంది. ఎరుపు జాబితా రెండు నుంచి ఆరు వారాల ముచ్చటే. ఆ తర్వాత ఒక్కో రకాన్నీ కొంచెం కొంచెంగా తిరిగి తిని, ఏది పడదో తేల్చుకోవాలి. యాప్‌లో డైరీ పెట్టింది అందుకే. మనవాళ్లు మొదటి మెట్టు మీదే కాపురం పెడుతున్నారు. మా కుర్రాడు నెలల తరబడి అక్కడే ఉన్నాడు. ఏళ్లకేళ్లు అలా మానేస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులకు తిండి కరువవుతుంది. పత్యాన్ని వ్రతం చేసుకోవడం మనకు కొత్త కాదు గానీ, ఇది వ్రతం కాదు, పరీక్ష.

దానికి ముందు జబ్బేమిటో తేలాలి. బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, రక్తహీనత ఉన్నా యాప్ తెరవకండి. మార్కాపురమో ఒంగోలో వెళ్లి డాక్టరుకు చూపించుకోండి. పిల్లలకు, ఒళ్లు చేయని వాళ్లకు డైటీషియన్ మాట లేకుండా ఈ పత్యం పెట్టొద్దు. ఐబీఎస్సేనని తేలి, ఆరు వారాలు దాటినవాళ్లు మాత్రం ఈ ఆదివారమే ఒక్క పదార్థాన్ని మళ్లీ కంచంలోకి రానివ్వండి. ఏది, ఎంత అన్నది ముందు వండేవాళ్లకు చెప్పండి.