ఇంటి గడపనుండి లెక్క

హైదరాబాదునుండి ఢిల్లీకి ఆకాశమార్గమున దూరము సుమారు 1,250 కిలోమీటర్లు. విమానము దానిని రెండు గంటల పైచిలుకు కాలములో దాటును. కాని ఆ విమానము నెక్కుటకు శంషాబాదు చేరవలెనన్న, భూపాలపల్లి వాసి 200 కిలోమీటర్లకు మించిన బాటలో నాలుగైదు గంటలు గడపవలెను. జనగామ, మహబూబాబాదులకు రైలు కలదు. భూపాలపల్లికి అదియును లేదు. కావున ప్రయాణకాలమును విమానాశ్రయమునుండి కాక, ఇంటి గడపనుండి లెక్కించుటయే న్యాయము.

నిజాము కాలమున వరంగల్లు చెంత వెలసిన మామునూరు విమానాశ్రయము 1981వ సంవత్సరమున మూతపడినది. దానిని తిరిగి నెలకొల్పుటకు 2025లో కేంద్రప్రభుత్వము అనుమతించినది. ఇది ఆడంబరము కాదు, అత్యవసరమే. అయినను విమానాశ్రయ మొక్కటియే చాలదు. చుట్టుపట్ల పట్టణములనుండి దానికి మంచి బాటలును ఉండవలెను. నేలపై జాప్యము తగ్గనిచో, ఆకాశమున వేగ మెంత యున్నను ప్రయోజనము స్వల్పమే గదా!