గూఢచారశాఖకు శాసన మేది?

రాజునకు చారులే కన్నులని మన పూర్వులు తలంచిరి. ముగ్గురు చారులు వేర్వేరుగ తెచ్చిన వార్త ఏకమైనపుడే దానిని నమ్మవలెనని కౌటిల్యుడు విధించెను. నేడు మన దేశమునకు చారులు కొదువలేదు. ఇంటెలిజెన్స్ బ్యూరో స్వదేశమునందలి వార్తలను, 1968లో దానినుండి వేరుపడిన ‘రా’ విదేశములవార్తలను సేకరించుచున్నవి. సైన్యమునకు వేరుసంస్థ, సాంకేతిక నిఘాకు వేరుసంస్థ గలవు. అయినను ఆ వార్తలు ఏకమగుట యెక్కడ?

1999లో శత్రువులు కార్గిల్ శిఖరములపై తిష్ఠవేయువరకు మనము గుర్తింపజాలకపోతిమి. కె. సుబ్రహ్మణ్యంగారి అధ్యక్షతన ఏర్పడిన సమీక్షాసంఘము గూఢచారసంస్థల నడుమ సమన్వయము కొరవడినదని తేల్చెను. పిదప క్రొత్త సంస్థలు వెలసెను. అయినను 2008 నవంబరు 26న పదుగురు ముష్కరులు సముద్రముమీదుగ వచ్చి ముంబయిలో 166 మందిని బలిగొనిరి. సముద్రమార్గమున ముప్పు గలదను సూచనలు ముందే అందియుండెను! అమెరికాలో 2001 నాటి దాడులను విచారించిన సంఘము నివేదిక 2004లో పుస్తకరూపమున అంగళ్లలో అమ్ముడుపోయినది. మనకో, మహారాష్ట్ర ప్రభుత్వము వేసిన ఇద్దరు సభ్యుల సంఘమే గతి. దానికి అప్పగించినదియు పోలీసుల చర్యల పరిశీలనమే.

ఇంతకును ఈ శాఖలు ఎవరికి జవాబుదారులు? కాంగ్రెసు పుట్టిన రెండేండ్లకు, 1887లో, పరాయిప్రభుత్వపు ఉత్తరువుతో ఇంటెలిజెన్స్ బ్యూరోకు మూలమైన శాఖ యేర్పడెను. దేశభక్తుల వెన్నంటి తిరిగిన చారులు ఆనాటివారే గదా! స్వరాజ్యము వచ్చెను, రాజ్యాంగము వచ్చెను. ఆ బ్యూరో అధికారములకు మేరలు గీయు శాసనము మాత్రము రాలేదు, ‘రా’కును లేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టమునుండి మాత్రము, అవినీతి, మానవహక్కుల ఆరోపణలు తప్ప, తక్కినవిషయములలో రెంటికిని మినహాయింపు దొరికినది! ఆ పరాయిప్రభువులే తమ దేశమున ఇట్టి సంస్థలకు 1989లోను, 1994లోను చట్టములు చేసికొనిరి.

పార్లమెంటు సభ్యులకు తెలిసిన రహస్యము దాగదని కొందరి భయము. మంత్రులకు తెలిసినది దాగుచున్నప్పుడు సభ్యులకు తెలిసినది ఏల దాగదు? బ్రిటనులో 1994 చట్టము పార్లమెంటు సభ్యులతో పర్యవేక్షణసంఘమునే నెలకొల్పినది. అందుచే ఆ దేశపు గూఢచర్యము కుంటుపడలేదు. పత్రికావిలేకరుల ఫోనులపై పెగాసస్ నిఘా ఉంచబడెనను ఆరోపణ 2021లో రాగా, మన తెలుగువాడైన ప్రధానన్యాయమూర్తి ఎన్.వి. రమణగారి ధర్మాసనము దేశభద్రత పేరు చెప్పినంతమాత్రమున ప్రభుత్వము ప్రతిసారియు తప్పించుకొనజాలదని స్పష్టపరచెను.

2011లో మనీష్ తివారీగారు ఇట్టి శాసనమునకై ప్రైవేటుబిల్లు తెచ్చిరి గాని అది చట్టము కాలేదు. ఆ పని ఒక సభ్యునిది కాదు, ప్రభుత్వముదే. ఉభయసభలనుండి కొలదిమంది సభ్యులతో సంఘమేర్పరచి, రహస్యసమావేశములలో ఈ సంస్థల వ్యయమును, వైఫల్యములను విచారించి, దాపవలసినవి దాచి, మిగిలినది ఏటేట సభముందుంచునట్టి బిల్లును ప్రభుత్వము తానే ప్రవేశపెట్టవలెను.