పొయ్యి ఇద్దరిది

మేమిద్దరం కోయ బిడ్డలం. ఇద్దరం పంతుళ్లం. డీఎడ్ చదివే రోజుల్లో ఒకరినొకరం ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. పుట్టింది తాడ్వాయి అడవి పక్కన, పిల్లల చదువు కోసం కాపురం పెట్టింది హనుమకొండలో కిరాయి ఇంట్లో. ఆదివారం మా ఇంట్లో బియ్యం పొయ్యి మీదికి ఎక్కవు. జొన్న గటక, చింతచిగురు కూర, దొరికితే ఎండు రొయ్యలు. ఆ పూట ఇద్దరం కలిసే వండుతాం.

ఒక ఆదివారం ఊరి నుంచి పెదనాన్న వచ్చాడు. అప్పటికి మాలో మగమనిషి చేట పట్టుకొని జొన్నరవ్వ చెరుగుతున్నాడు. పెదనాన్న గుమ్మంలోనే ఆగి, "ఏంరా, సర్కారు పంతులువై పొయ్యికాడ కూసున్నవ్? ఇంట్ల ఆడిమనిషి లేదా?" అన్నాడు. లోపలి నుంచి జవాబు వచ్చింది: "నేనున్న మామా, ఇద్దరమున్నం. కాళ్లు కడుక్కొని రా, గటక అయితున్నది."

పెదనాన్న కడుపునిండా తిన్నాడు, కానీ ఆ మాట మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని మీదే ఈ వ్యాసం.

మగవాడు వండితే తక్కువ అని మనకు ఎవరు నేర్పారు? జాతరలో వేటను కోసి, పెద్ద గుండిగల్లో వండేది మగవాళ్లే కదా! పెళ్లిలో వందమందికి వండితే గౌరవం. ఇంట్లో ఇద్దరికి వండితే నామోషీనా? పది మంది చూస్తే పని, ఎవరూ చూడకపోతే చాకిరీ. చాకిరీ మాత్రం ఆడవాళ్లకు వదిలేశాం. మన పెద్దలు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు. ఉద్యోగాలు వచ్చాక మనలోనే కొందరు కట్నం అడుగుతున్నారు. కట్నం ఏ దారిన వచ్చిందో, వంటింటి గడప తొక్కని మగతనం కూడా ఆ దారినే వచ్చింది. జీతంతో పాటు దాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నాం.

పాతకాలమంతా బంగారమని మేం చెప్పడం లేదు. తెల్లవారుజామున కోడి కూయకముందే రోకటి పోటు వేసింది మన అమ్మమ్మలే. దంచి, చెరిగి, వాగు నుంచి నీళ్లు మోసి, ఆ మీదట పోడుకు పోయింది వాళ్లే. వాళ్ల అరచేతుల కాయలు మనం చూశాం. అందుకే ఇప్పుడు సభల్లో "మన సంప్రదాయ తిండిని కాపాడుకుందాం" అని మైకు పట్టుకునే మన అన్నలను ఒకటే అడుగుతున్నాం: ఆ జొన్నలు దంచేదెవరు? 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. కొర్రల గొప్ప చెప్పిన మగవాళ్లలో ఎందరు ఇంటికి పోయి కొర్రలు కడిగారు?

ఇది మన గూడేల సంగతే కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేసేవారని అప్పుడు తేలింది. ఉద్యోగం చేసి వచ్చిన ఆడమనిషి మీద గటక కూడా వేస్తే ఆమె ఏం చేస్తుంది? కుక్కర్లో బియ్యం పడేస్తుంది. తప్పు ఆమెది కాదు. మన తిండి అడవిలోనే పోవడం లేదు, మన ఇళ్లలో ఒక్కరి నెత్తిన పడ్డ పని వల్ల కూడా పోతున్నది.

సర్కారు వంతు కూడా చెప్పాలి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, కాదనం. కానీ ఆ బియ్యంతోనే జొన్న, సామ, కొర్ర పక్కకు జరిగాయి. 2013 ఆహార భద్రత చట్టం ముతక ధాన్యాలను కూడా కిలో రూపాయికి ఇవ్వవచ్చని రాసింది. మా ఊరి రేషన్ దుకాణంలో మేం ఇంతవరకు జొన్నగింజ చూడలేదు. పట్నం దుకాణాల్లో మాత్రం అవే గింజలు అందమైన ప్యాకెట్లలో, మన కూలి అందుకోలేని ధరకు అమ్ముతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను మనవని ఒప్పుకున్నది. అయినా ఇప్పపువ్వు పేరెత్తితే పట్నంవాళ్లకు సారా తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. వేయించిన ఇప్పపువ్వును నువ్వులతో దంచి ముద్ద చేసి పిల్లలకు పెట్టే తల్లులను వాళ్లు ఎప్పుడూ చూడలేదు.

తోటి పంతుళ్లకు ఒక మాట. "పొద్దున ఏం తిన్నారు?" అని తరగతిలో అడిగితే, అంబలి తాగి వచ్చిన పిల్ల "ఇడ్లీ సార్" అని చెబుతుంది. ఆ అబద్ధం మా పిల్లల నోట మేం విన్నాం. దాన్ని నేర్పింది మనమే, పాఠంలో కాకపోయినా ముఖంలో చూపించి నేర్పాం. 1943లో ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైనప్పుడు, బడి ఇంటి భాషకు చోటిచ్చింది. ఇంటి తిండికి కూడా బడిలో చోటివ్వాలి. మగపిల్లల చేత కూడా చేట పట్టించాలి.

ఇక పెళ్లీడు పిల్లలకు. ప్రేమంటే సినిమా, బిర్యానీ, ఫోన్లో ఫొటో అనుకుంటున్నారు. మాకు తెలిసిన ప్రేమ ఇది: ఒకరు జొన్నలను కాస్త తడిపి దంచుతారు, ఒకరు చెరిగి పొట్టు తీస్తారు, రవ్వ, పిండి వేరు చేస్తారు. ఎసరు మరిగాక ఒకరు రవ్వ పోస్తుంటే ఇంకొకరు ఉండ కట్టకుండా కలుపుతారు. చివర పిండి నీళ్లలో కలిపి పోస్తారు. ఆ గంటలో వారం రోజుల మాటలు మాట్లాడుకోవచ్చు. మా కింది ఇంటివాళ్లు రోకలి చప్పుడుకు విసుక్కుంటే మిక్సీలో ఆపి ఆపి తిప్పుకుంటున్నాం. రోలే ఉండాలన్న పట్టుదల మాకు లేదు. చేతులు నాలుగు ఉండాలన్నదే మా పట్టుదల.

పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయిని మన ఆడపిల్లలు ఎకరాలెన్ని, జీతమెంత అని అడిగే ముందు ఒక ప్రశ్న అడగాలి: "గటక కలపడం వచ్చా?" రాదంటే తప్పు లేదు, నేర్చుకోవచ్చు. నేర్చుకోనంటే మాత్రం ఆ సంబంధం గురించి ఇంకోసారి ఆలోచించండి.

పెదనాన్న మొన్న మళ్లీ వచ్చాడు. చేతిలో సంచి ఉంది, సంచిలో చింతచిగురు ఉంది. అరుగు మీద కూర్చొని ఈనెలు తీస్తూ, "ఇంట్ల మీ పెద్దమ్మకు చెప్పకుండ్రి" అన్నాడు. చెప్పాం. ఇప్పుడు ఈ పుస్తకంలో కూడా రాస్తున్నాం.