ప్రభ వెంట నడక

మహాశివరాత్రి వచ్చునప్పటికి మన నల్లరేగడి చేలలో ప్రత్తి తీతలు చివరకు వచ్చును. కల్లములన్నియు మిరపపండ్లతో ఎర్రబారియుండును. అంతటి పనులను ఒక్క దినము ప్రక్కకు నెట్టి ఊళ్ళకు ఊళ్ళే కోటప్పకొండవైపు కదలును. నరసరావుపేటకు సమీపమున నున్న ఈ కొండ పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 2022వ సంవత్సరమున ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములు మూడు గలదగుటచే దీనిని త్రికూటమందురు. స్వామి త్రికోటేశ్వరుడు; మన పల్లెవారి నోట కోటయ్య. "చేదుకో కోటయ్యా" యని వారు పిలుతురు. బావిలోని నీటిని చేదతో పైకి తోడినట్లు మమ్ము నీ చెంతకు చేదుకొమ్మని దాని భావము. ఎంత చక్కని సేద్యగాని మాట!

బాలలారా, ఈ తిరునాళ్ళను గూర్చి నాకొక అభిప్రాయము కలదు. కొండ దిగువన రెండు గడియలు నిలిచి, జనసమ్మర్దమును చూచి, సెల్‌ఫోనుతో నాలుగు చిత్రములు తీసికొని మరలివచ్చువాడు తిరునాళ్ళలో సగమైనను చూడలేదు. ఊరిలో ప్రభ కట్టుటకు వెదుళ్ళు దించిననాడే తిరునాళ్ళు ఆరంభమగును. తక్కినది దారి పొడవున జరుగును.

ప్రభ యనగా వెదుళ్ళను, దూలములను బిగించికట్టి, రంగుగుడ్డలతోను, పూలతోను, గంటలతోను అలంకరించి, బండిపై నిలిపిన ఎత్తైన చట్రము. పూర్వము ఎడ్లు లాగెడివి; ఇప్పుడు పెద్ద ప్రభలకు ట్రాక్టర్లు కట్టుచున్నారు. కొన్ని 80 అడుగులకు మించి లేచును. ఇంత ఎత్తైనది గతుకుల బాటపై పడిపోక ఎట్లు సాగును? దాని తలనుండి నలువైపులకు దిగిన మోకులే దానికి ప్రాణము. ఒక్కొక్క మోకును కొందరు పట్టుకొని నడతురు. ప్రభ కుడికి ఒరిగినచో ఎడమవైపువారు బిగింతురు, కుడివైపువారు సడలింతురు. బలముల సమతాస్థితిని గూర్చి మీ భౌతికశాస్త్రమున చదువునప్పుడు దీనిని తలచుకొనుడు.

నా పదియవ యేట మా నాయనతో మా ఊరి ప్రభ వెంట నడచితిని. ఒక కాలువకట్ట యొద్ద బండిచక్రము దిగబడగా ప్రభ ఒక ప్రక్కకు ఊగెను. మోకు చివర పట్టిన ముసలి తాత యొకడు నన్ను చూచి, "ఒరే అబ్బాయీ, చూస్తావేమిరా? మోకు పట్టు!" అని కేకవైచెను. పట్టితిని. అరచేతులు బొబ్బలెక్కినవి. ప్రభ తిరిగి నిటారుగా నిలిచినప్పుడు అది నా బలముననే నిలిచినదని నమ్మితిని. ఆ నమ్మకము ఇప్పటికిని నన్ను పూర్తిగా విడువలేదు.

ప్రభలు మనకు మాత్రమే కలవని తలపకుడు. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు 11 గ్రామముల ప్రభలు చేరును. వానిని భుజములపై మోయుచు, కౌశికను దాటి, పచ్చని పొలములలోనుండియే తెత్తురు. పైరు త్రొక్కుడు పడినను రైతు నొచ్చుకొనడు. 2023 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవమున మన రాష్ట్ర శకటము ఆ ప్రభలతీర్థమునే చూపినది. నేనును టెలివిజనులో చూచి మురిసితిని. కాని మోయువారి భుజముల నొప్పియు, దారిలో మజ్జిగ పోయు ఇల్లాలి పలకరింపును శకటముపై ఎట్లు కానవచ్చును?

ప్రభలకు విద్యుద్దీపములు కట్టుటను నిరసించు పెద్దలు కలరు. నేను వారిలోనివాడను కాను. చీకటి చేలమీదుగా దీపాల ప్రభ యొకటి మెల్లగా వచ్చుచుండ చూచుట కన్నులపండువు. నాకు రుచింపనిది ఎత్తుల పంతము. పొరుగూరి ప్రభకంటె మన ప్రభ మూరెడైన పొడవుండవలెనని పట్టుదల పెరిగినకొలది బరువును పెరుగును, మోకు పట్టినవారి ప్రాణమునకు ముప్పును పెరుగును. ఇక ప్రభ ముందర వేదికలపై మ్రోగు పాటల హోరు మాట నేనెత్తను. దానిలో కోటయ్య పేరు వినబడుటయే కష్టము.

అంతకంటె నన్ను బాధించు సంగతి వేరొకటి కలదు. శివరాత్రి మిరపకోతల ముమ్మరములో వచ్చును. కోతలకు కర్నూలు సీమనుండియు కూలీలు పిల్లాపాపలతో వచ్చి చేలగట్లపై గుడిసెలు వేసికొందురు. నేను ప్రధానోపాధ్యాయుడనై యుండగా ఒకయేడు పండుగ మరునాడు ఎనిమిదవ తరగతివారిని తాము చూచినది వ్రాయుమంటిని. అట్టి గుడిసెనుండి వచ్చు బాలిక యొకతె నాలుగే పంక్తులు వ్రాసినది. తెల్లవారి కోత యున్నందున అమ్మ పోనీయలేదట, గుడిసె ముందర కూర్చుండి దూరమున సాగు ప్రభలను లెక్కపెట్టినదట, ఏడు కనబడినవట. ఆ చేని రైతు నాకు తెలిసినవాడే. ఒక్కపూట కోత ఆపరాదా యని అడిగితిని. "ఆలస్యమైతే రేటు పడిపోతుంది మాష్టారూ" అనెను. ధరల మాట నేనెరుగను. ఆయన కుమారుడు మాత్రము ఆ రాత్రియంతయు ప్రభ వెంటనే యుండెను.

కూలి కోయక ఆ ఒక్క దినము సెలవిచ్చుట రైతునకు భారము కాదనియే ఇప్పటికిని నా మతము. పెద్దలతో ఈ మాట మీరు చెప్పవచ్చును. మీరు చెప్పినచో వారు నాకంటె మీకే చెవి యొగ్గుదురు.

రానున్న శివరాత్రికి మీ వీధిలో బాలప్రభ యొకటి కట్టుడు. నాలుగు వెదురుబద్దలు, పాతచీర యొకటి, రంగుకాగితములు చాలును. చేలగట్లపై గుడిసెలలోని పిల్లలను ముందుగనే పిలుచుకొని రండు. పెద్దప్రభ కదలునప్పుడు వారితో కలసి దాని వెనుక నడువుడు. పెద్దవారి నడుగకుండ మోకు ముట్టకుడు. కాళ్ళు నొచ్చును. తిరిగివచ్చునప్పటికి తెల్లవారును, భుజముపై చెరకుగడ యొకటి యుండును.