టాటా మేలా, లేలాండ్ మేలా? సరుకుదారు చూడవలసిన లెక్క వేరు

గుంటూరు మిర్చి యార్డులో తూకాలు పూర్తయి లోడింగు మొదలయ్యే సాయంకాలాలలో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో, హైదరాబాదు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ముందు ఏళ్ళ తరబడి తెగని వాదన ఒకటి ఉన్నది. నమ్మదగిన లారీ టాటాదా, అశోక్ లేలాండ్‌దా? సరుకు ధర విషయంలో గంటకొక మాట చెప్పగల వర్తకులు సైతం ఈ విషయంలో మాట మార్చరు. టాటా పక్షంవారు ఎన్నటికీ టాటా పక్షమే, లేలాండ్ పక్షంవారు లేలాండ్ పక్షమే. ఓడినవారు టీ డబ్బులు ఇచ్చుకోవాలి. ఓడింది ఎవరో ఏనాడూ తేలదు కనుక ఆ టీ ఖర్చు లోడు పంపే కమీషన్ వ్యాపారి పద్దులోనే పడుతుంది.

స్నేహపూర్వకమైన ఈ పోటీ వల్ల ఎవరికీ నష్టం లేదు. కాని వాదన టీ దుకాణం దాటి బుకింగు దాకా వచ్చినప్పుడు సంగతి వేరు. ఫలానా కంపెనీ బండి అయితేనే లోడు ఇస్తామని బ్రోకరుకు షరతు పెట్టే వర్తకులు ఉన్నారు. బండి పేరు చూసి నిశ్చింతగా నిద్రపోయి, సరుకు రెండు రోజులు ఆలస్యంగా చేరిన తరువాత లెక్క చూసుకునేవారూ ఉన్నారు. ఈ పట్టుదలకు ఆధారం ఎంత అన్నది పరిశీలించదగిన విషయం.

పాత పరిచయం

ఈ రెండు పేర్లూ ఇంచుమించు ఒకే కాలంలో రోడ్డెక్కాయి. ఆస్టిన్ కార్ల కూర్పు కోసం 1948లో మద్రాసులో వెలసిన అశోక్ మోటార్స్, ఇంగ్లండులోని లేలాండ్ కంపెనీతో ఒప్పందం చేసుకుని 1955లో అశోక్ లేలాండ్‌గా పేరు మార్చుకున్నది. ఎన్నూరు కర్మాగారం నుంచి వచ్చిన కామెట్ లారీలు దక్షిణాదిన బాగా వ్యాపించాయి. రైలింజన్ల తయారీకి 1945లో ఏర్పడిన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీకి దిగింది. 1969లో ఆ సహకారం ముగిసింది. బండి ముందు ఉండే మూడు మొనల నక్షత్రం పోయి టాటావారి గుర్తు వచ్చింది. అయినా పాత డ్రైవర్ల నోట బెంజి లారీ అన్న మాట చాలాకాలం పోలేదు.

ఆ రోజుల్లో బెడ్‌ఫోర్డ్, డాడ్జి, ఫార్గో లారీలు కూడా తిరిగేవి. వాటిలో బాగా పనిచేసిన బండ్లు లేకపోలేదు. కాలక్రమేణా అవి వెనుకపడి, చివరకు కనుమరుగయ్యాయి. రోడ్డుమీద బండ్లు తగ్గేకొద్దీ వాటి స్పేర్లు నిలవ ఉంచే దుకాణాలు తగ్గాయి. స్పేర్లు తగ్గేకొద్దీ కొనేవారు తగ్గారు. మార్కెట్టులో గిరాకీ లేని రకం సరుకు ఏ విధంగా యార్డు నుంచి తప్పుకుంటుందో ఇదీ అంతే.

ఎవరి వాదన వారిది

లేలాండ్ పక్షం చెప్పేది ఇది: నిండు లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను గుంజుడు చూడాలి, చాసిస్ గట్టితనం చూడాలి, ఎన్ని లక్షల కిలోమీటర్లకు ఇంజను విప్పవలసి వచ్చిందో చూడాలి. టాటా పక్షం చెప్పేది మరొకటి: డీజిల్ లెక్క చూడాలి, చిన్న ఊళ్ళో కూడా స్పేరు దొరుకుతుందా చూడాలి, బండి పని తెలియని మేస్త్రీ ఉన్నాడా చూడాలి, అమ్మబోతే పలికే ధర చూడాలి.

నిదానంగా వింటే ఇద్దరూ ఒకే విషయం మీద వాదించడం లేదని తెలుస్తుంది. ఒకరు బండి చెడకపోవడం గురించి మాట్లాడుతున్నారు. మరొకరు చెడిన బండి త్వరగా లేవడం గురించి మాట్లాడుతున్నారు. లారీ యజమానికి రెండూ కావలసినవే. సరుకుదారుకు కావలసింది మాత్రం మూడోది, చెప్పిన వేళకు సరుకు చేరడం. ఆ మూడోదానికి బండి మీది పేరు ఒక కారణం మాత్రమే. అదీ అన్నిటికంటె పెద్ద కారణం కాదు.

పైగా కంపెనీ పేరుతో తిరిగే లారీలో కంపెనీది కానిది చాలా ఉంటుంది. పాత రోజుల్లో కంపెనీ ఇచ్చేది చాసిస్ మాత్రమే. క్యాబిను, బాడీ ఇక్కడి బాడీ బిల్డర్లు కట్టేవారు. విజయవాడ ఆటోనగర్‌కు పేరు వచ్చింది ఆ పనితోనే. రెండు కంపెనీల బండ్లలో చాలావాటికి డీజిల్ పంపు బెంగుళూరు మైకో కంపెనీదే. ఇక టైర్లు, కమాను పట్టీలు, బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడు యజమాని తన జేబును బట్టి కొన్నవే. దారిలో బండి ఆగడానికి టైరో, కమాను పట్టీయో, బ్యాటరీయో కారణమైనప్పుడు ముందున్న గుర్తును తిట్టి ప్రయోజనం లేదు.

జపాను బండ్ల పాఠం

పేరుకూ నమ్మకానికీ ఉన్న సంబంధం ఎంతో 1980లలో జపాను సహకారంతో వచ్చిన చిన్న లారీలు చక్కగా రుజువు చేశాయి. టొయోటా సహకారంతో డీసీఎం, మిత్సుబిషితో ఐషర్, మాజ్దాతో స్వరాజ్, నిస్సాన్‌తో మన హైదరాబాద్ ఆల్విన్ రంగంలోకి దిగాయి. ఆల్విన్ నిస్సాన్ బండ్లు జహీరాబాద్‌లో తయారయ్యేవి. యంత్రం నాణ్యతలో ఈ నాలుగింటికీ వంక పెట్టినవారు తక్కువ. నడపడం తేలిక, శబ్దం తక్కువ, వేగం ఎక్కువ. ఇక దేశవాళీ కంపెనీల పని అయిపోయిందని అనుకున్నవారు ఆనాడు చాలామంది.

జరిగింది వేరు. 1985 తరువాత జపాను యెన్ విలువ బాగా పెరిగింది. అక్కడి నుంచి తెప్పించుకునే భాగాల ఖరీదు దానితోపాటు పెరిగింది. 1986లో టాటావారు 407 బండిని విడుదల చేశారు. దాని స్పేరు ఊరూరా దొరికింది, దాని పని ప్రతి మేస్త్రీకి తెలిసింది. ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. డీసీఎం టొయోటా 1990లలో దేవూ చేతికి పోయి కార్ల తయారీకి మళ్ళింది. భాగాలు ఇక్కడే తయారు చేసుకుంటూ, సర్వీసు పెంచుకుంటూ వచ్చిన ఐషర్ మాత్రం నిలబడి, 2008లో వోల్వోతో చేతులు కలిపింది.

ఇందులో ఒక వింత ఉన్నది. కంపెనీ పోయి ఏళ్ళు గడిచినా, ఏ కంపెనీ బండి అయినా సరే, మధ్యరకం లారీని తెలంగాణలో నేటికీ డీసీఎం అనే పిలుస్తారు. పేరు నిలిచింది, బండి నిలవలేదు. పేరును బట్టి నమ్మకాన్ని కొలిచేవారు ఈ ఒక్క మాటను గుర్తు పెట్టుకుంటే చాలు.

మారిన ఇంజను

ఇప్పుడు పాత వాదన మొత్తాన్నే తిరగరాయవలసిన పరిస్థితి వచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. పాత పంపు ఉన్న బండి ఆగితే దారిలోని మేస్త్రీ స్పానరు పట్టుకుని, చెవితో విని, లోపం చెప్పేవాడు. కొత్త ఇంజనులో డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో నిర్ణయించేది కంప్యూటరు. పొగగొట్టంలో వడపోత ఉన్నది, యూరియా ద్రవం ట్యాంకు ఉన్నది, వాటిని కనిపెట్టే సెన్సర్లు ఉన్నాయి. యూరియా ద్రవం అయిపోయినా, కల్తీది పోసినా ఇంజను తన బలం తానే తగ్గించుకుంటుంది. లోపం ఏదో తెలుసుకోవడానికి స్కానరు కావాలి. స్కానరు ఉన్న మనిషి బండి దగ్గరకు రావాలి, లేదా బండిని అతని దగ్గరకు చేర్చాలి.

కొత్త బండ్లు మంచివి కావని దీని అర్థం కాదు. చిన్నా చితకా చెడిపోవడం తగ్గిందని నడిపేవారే చెబుతున్నారు. కాని చెడినప్పుడు పరిష్కారం మేస్త్రీ చేతి నుంచి కంపెనీ సర్వీసు చేతికి పోయింది. అందుకే కంపెనీలు ఇన్ని గంటల్లో బండి దగ్గరకు వస్తాము, ఇన్ని గంటల్లో రోడ్డెక్కిస్తాము అని హామీలు ప్రకటించడంలో పోటీ పడుతున్నాయి. భారత్ బెంజ్ వంటి కొత్త పేర్లు 2012 నుంచి ఈ పోటీలో చేరాయి. ఊరూరా మేస్త్రీ ఉన్నాడన్న టాటా పక్షం పాత బలమూ, ఇంజను విప్పనక్కరలేదన్న లేలాండ్ పక్షం పాత బలమూ ఇప్పుడు మునుపటంత బరువు తూగవు. వెళ్ళే దారిలో ఏ కంపెనీ సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉన్నది, రాత్రివేళ పలుకుతుందా లేదా అన్నదే నేటి ప్రశ్న.

ఆలస్యం ఖరీదు

వర్తకునికి ఇందులో పోయేది ఎంత? ఉదాహరణకు ఒక లారీలో 40 కిలోల టిక్కీలు 400, అంటే 160 క్వింటాళ్ళ మిర్చి వెళ్ళిందనుకుందాం. క్వింటాలు 12,000 రూపాయల చొప్పున సరుకు విలువ 19 లక్షల 20 వేలు. రెండు రోజులు ఆలస్యమైతే నూటికి ఏడాదికి 12 చొప్పున వడ్డీ 1,260 రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఇది పెద్ద మొత్తం కాదు. కాని ఆ రెండు రోజుల్లో అవతలి మార్కెట్టు మందగించి క్వింటాలుకు 200 తగ్గితే పోయేది 32,000. ధర దిగిన రోజున చేరిన సరుకుకు కొనుగోలుదారు నాణ్యతలో లేని వంకలు కూడా వెతుకుతాడు. నిమ్మ, మామిడి, వానకాలపు బెల్లం సంగతి చెప్పనే అక్కరలేదు. వాటికి ధరతో పాటు సరుకే పోతుంది.

దీనికి తోడు కాగితాల చిక్కు. 2021 జనవరి 1 నుంచి సాధారణ సరుకుకు ఈ-వే బిల్లు గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. గుంటూరు నుంచి హైదరాబాదుకు సుమారు 270 కిలోమీటర్లు, కనుక రెండు రోజులు. దగ్గర దూరాలకు బండి ఆగితే గడువు ఇట్టే కరిగిపోతుంది. పొడిగింపు కోరే వీలు గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల తరువాతి వరకు మాత్రమే. సరుకును మరో బండికి ఎక్కిస్తే కొత్త నంబరు నమోదు చేయాలి. ఇది మరిచిన సరుకు తనిఖీలో నిలిచిపోయి, అపరాధ రుసుము పడితే, ఏ కంపెనీ లారీ అయినా ఆదుకోదు.

చౌక బాడుగ, అరిగిన టైరు

మరొక నిజం వర్తకులకు రుచించకపోవచ్చు. నమ్మకం లేని బండిని చాలాసార్లు ఎంచుకుంటున్నది వర్తకులే. బాడుగలో వెయ్యి రూపాయలు తగ్గించినవానికే లోడు అంటే, ఆ తగ్గింపును లారీ యజమాని ఎక్కడో పూడ్చుకోవాలి. ఫైనాన్సు వాయిదా ఆగదు, డీజిల్ ధర తగ్గదు, టోలు తప్పదు. వాయిదా వేయగలిగినవి టైరు, ఆయిలు, సర్వీసు మాత్రమే. లోడింగు దగ్గర ఒక రోజు ఊరకే నిలబెట్టి, ఆ రోజును దారిలో పూడ్చుకో అని డ్రైవరును తరమడం కూడా ఇటువంటిదే. ఆ తరువాత బండి ఆగితే కంపెనీని నిందించడం న్యాయం కాదు.

కాబట్టి బ్రోకర్లు, వర్తకులు చేయవలసింది పెద్ద పని కాదు. ప్రతి లోడుకు ఎల్.ఆర్. నంబరు పక్కన బయలుదేరిన గంట, చేరిన గంట, మధ్యలో ఆగితే కారణం, తిరిగి కదలడానికి పట్టిన గంటలు రాసుకోవాలి. ఒక సీజను గడిస్తే ఏ బండి, ఏ యజమాని, ఏ దారి నమ్మదగినవో పుస్తకమే చెబుతుంది. నమోదైన రవాణా సంస్థ ద్వారా పంపేటప్పుడు చేర్చవలసిన గడువును ఫార్వర్డింగ్ నోటులో రాయించుకోవాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, రాసుకున్న గడువు లోపలి ఆలస్యానికి సంస్థ బాధ్యత బాడుగ మొత్తానికే పరిమితం, గడువు దాటితే బాధ్యత పెరుగుతుంది. సరుకు విలువ ఎక్కువైతే దానినీ ప్రకటించాలి. ప్రకటించకపోతే పరిహారం సాధారణంగా బాడుగకు 10 రెట్లు మించదు. వేళకు చేర్చిన యజమానికి మరుసటి లోడు ముందుగా ఇవ్వడం, బాడుగ సొమ్ము నిలవ పెట్టకుండా చెల్లించడం వీటన్నిటికంటె చౌక అయిన భీమా.

టాటా, లేలాండ్ వాదన ఆగవలసిన అవసరం లేదు. అది ఉంటేనే ఆటోనగర్‌కు కళ. అయితే లోడు బుక్ చేసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న బండి ఏ కంపెనీది అని కాదు. గత పది ట్రిప్పుల్లో ఎన్ని వేళకు చేరాయి అని అడగాలి. దానికి జవాబు చెప్పగలిగిన బ్రోకరు ఉన్న మార్కెట్టులో, ముందు ఏ గుర్తు ఉన్నా సరుకు చేరుతుంది.